ఓడిన ఆటల పుస్తకం

పోయిన మంగళవారం రహీమా వచ్చి మా ఇంటి బెల్లు కొట్టేసరికి నేను ఫోన్ పట్టుకుని పళ్ళు నూరుతున్నాను. మధురవాడలో మేముండే అపార్ట్‌మెంట్లలో చదరంగం ఆడేవాళ్ళ గ్రూపు ఒకటుంది. ముప్పై మందిమి. రోజూ ఎవరో ఒకరు తాము గెలిచిన ఆటను అందులో పెడతారు, ప్రతి ఎత్తుకీ కంప్యూటరు వేసిన మార్కులతో సహా. ఈ ఎత్తు బాగుంది, ఇది బాగాలేదు, ఇక్కడ ఇంకోటి వెయ్యాల్సింది అని పచ్చరంగులో, ఎర్రరంగులో అన్నీ యంత్రమే చెబుతుంది. కింద చప్పట్ల బొమ్మలు పడతాయి. ఆ మనిషి ఆ ఎత్తు వేసేటప్పుడు ఏమనుకున్నాడో, దేనికి భయపడ్డాడో ఒక్క ముక్క ఉండదు. పైగా ఓడిన ఆట పెట్టినవాళ్ళు ఇంతవరకు ఒక్కరూ లేరు. ముప్పై మందీ ఆడుతున్నారు, ముప్పై మందీ గెలుస్తున్నారు. మరి ఓడుతున్నది ఎవరని అడుగుదామని రోజూ అనుకుంటాను. రిటైరైన లెక్కల టీచర్ని కదా, నోరు తెరిస్తే పాఠం మొదలుపెడుతుందని జడుస్తారని ఊరుకుంటాను.

తలుపు తీస్తే రహీమా. వన్‌టౌన్ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. మొహమంతా చెమట, చేతిలో గుడ్డ సంచీ. రహీమా, నేను ఒక ఈడువాళ్ళం, మున్సిపల్ స్కూల్లో ఒకే బెంచీ. వాళ్ళ నాన్న ఖాదర్ మాస్టారి టైలర్ షాపుకి అప్పట్లో మా ఇల్లు రెండు సందుల దూరం. మాస్టారు పోయాక ఆ షాపును రహీమా కొడుకు నడిపాడు. ఇప్పుడు అతనికి అచ్యుతాపురంలో కంపెనీల యూనిఫారాలు కుట్టే చోట సూపర్‌వైజరు ఉద్యోగం వచ్చింది. మంచినీళ్ళు కూడా తాగకుండా రహీమా సంచీలో చెయ్యి పెట్టింది.

"షాపు ఖాళీ సేత్తన్నాం వరం. కటింగు బల్ల కింద దొరికింది. నీ దగ్గరుంటేనే బాగుంటాదని తెచ్చీసినాను," అంది.

పొడుగ్గా, సన్నగా, నల్ల అట్టతో, వెన్నుకి ఖాకీ ప్యాంటు గుడ్డ అతికించిన పుస్తకం. అది చూడగానే వయసు మరిచిపోయి గట్టిగా కేక పెట్టాను. ఎదురు ఫ్లాటావిడ తలుపు తీసి ఏమైందని అడిగింది కూడా. ముందు నుంచి తెరిస్తే అది సగం వాడి వదిలేసిన కొలతల పుస్తకం. ఛాతీ ముప్పై ఆరు, చెయ్యి ఇరవై మూడు, భుజం పదిహేడు. తిరగేసి వెనక నుంచి తెరిస్తే మా ఆటలు. ఒక్కో ఆట కింద నాలుగైదు రకాల సిరా, నాలుగైదు రకాల చేతిరాత. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా మిషన్ నూనె వాసన వస్తోంది. ఆ పుస్తకంలో నా పేరు ఎక్కడానికి నేను పడ్డ తపన బీఈడీ సీటు కోసం కూడా పడలేదు. చిత్రమేమిటంటే అందులో పేరు ఎక్కాలంటే గెలవకూడదు, ఓడాలి.

మా నాన్న అప్పలనాయుడు పోర్టులో క్రేన్ ఆపరేటరు. ఓడల్లోకి ఇనుప ఖనిజం ఎత్తిపోసే పని. నాన్న డ్యూటీ దిగి వస్తున్నాడంటే గుమ్మంలోకి ముందు ఎర్రటి దుమ్ము వచ్చేది, తర్వాత నాన్న వచ్చేవాడు. అమ్మ ఆయన్ని గడప దాటనిచ్చేది కాదు. వాకిట్లోనే చొక్కా విప్పించి బకెట్లో ముంచేది, నీళ్ళు పారాణి కలిపినట్టు అయిపోయేవి. ఆ నీళ్ళు మూడుసార్లు మార్చాక గానీ చొక్కా రంగు బయటపడేది కాదు. స్నానం చేసి, తలకి కొబ్బరి నూనె దట్టంగా పట్టించి, ఉల్లిపాయ నంజుకుంటూ చోడి అంబలి గిన్నెడు తాగి, కాల్చిన ఎండుచేప ముక్క ఒకటి నమిలి, అప్పుడు చాప మీద బోర్డు పరిచేవాడు. పక్కన ఈ పుస్తకం. అమ్మ పొయ్యి దగ్గర నుంచే "ఈ గుర్రాలూ ఏనుగులూ మనకేటైనా కూడెడతాయేటి" అనేది. నాన్న పలికేవాడు కాదు. పలికితే ఎత్తు మరిచిపోతాడు. అమ్మకి ఆ సంగతి తెలిసే అడిగేదని నాకిప్పుడు అనిపిస్తుంది.

ఆదివారం పొద్దుటిపూట నలుగురూ ఖాదర్ మాస్టారి షాపులో కలిసేవారు. మాస్టారు, మా నాన్న, దువ్వాడ స్టేషన్లో టికెట్లిచ్చే సత్యంగారు, చేపల రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే నూకరాజు. బొగ్గుల ఇస్త్రీపెట్టె వేడికి తడిగుడ్డ ఆవిరి కక్కుతుంటే ఆ వాసనకి నాకు ఇప్పటికీ ఆకలేస్తుంది. ఎందుకంటే ఆ వెంటనే లోపల్నుంచి టీ, ఉస్మానియా బిస్కెట్లు వచ్చేవి. కటింగు బల్ల మీద గుడ్డముక్కలు పక్కకి నెట్టి బోర్డు పెట్టేవారు. ఎత్తులు కాగితం మీద రాసుకోవడం వాళ్ళకి సత్యంగారు నేర్పారట. ఆట అయ్యాక దాన్ని మొదటి నుంచీ మళ్ళీ వేసి చూడటాన్ని మాస్టారు "విప్పడం" అనేవాడు. కుట్టు విప్పడం లాగ.

పుస్తకానికి నియమం పెట్టిందీ మాస్టారే. అందులోకి ఓడిన ఆటే ఎక్కాలి, ఓడినవాడే ఎక్కించాలి. ఎక్కడ ఏమనుకుని ఏం చేశాడో దాచకుండా రాయాలి. గెలిచినవాడు ఆ ఆట కింద కలం పెట్టకూడదు. మిగతావాళ్ళు ఒక్కొక్కరు వారం చొప్పున పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్ళి తమ మాట కింద రాయాలి. ఇంకొకరి రాత కొట్టెయ్యకూడదు, కాదనుకుంటే దాని కింద రాసుకోవాలి. నూకరాజు కొత్తలో తను గెలిచిన ఆట ఒకటి ఎక్కిస్తానని గొడవపడ్డాడట. దానికి మాస్టారు, "సరిగ్గా కుదిరిన సొక్కా ఎవుడైనా ఇప్పుతాడేటి బావా? కుదరందే ఇప్పాల," అన్నాడని నాన్న వందసార్లు చెప్పి నవ్వేవాడు. అప్పట్నుంచి ఓడినవాడి మొహంలో కూడా ఒక వెలుగు ఉండేది. ఈ వారం పుస్తకం తనదే మరి.

మాస్టారికి ఉర్దూ రాయడం వచ్చు, తెలుగు రాదు. ఆయన వంతు వచ్చినప్పుడు పుస్తకం చదివి వినిపించేదీ, ఆయన చెప్పింది రాసేదీ రహీమా. షాపుకీ ఇంటికీ మధ్య ఒక గళ్ళ కర్టెన్ ఉండేది. దాని వెనక చిన్న స్టూలు మీద కూర్చుని రహీమా ఎప్పుడూ కాజాలు కుడుతూ ఉండేది. గుండ్రటి, ఒద్దికైన అక్షరాలు తనవి. పుస్తకంలో ఆ గుండ్రటి రాత కనబడితే చాలు, మాస్టారి మాట అని నేను ముందు అదే చదివేదాన్ని. అందరికంటే లోతుగా అదే ఉండేది.

నాకు ఎత్తులు ఎవరూ నేర్పలేదు. నాన్న చాప పక్కన బియ్యంలో రాళ్ళు ఏరుతూ నేర్చుకున్నాను. పదమూడో ఏటికి పుస్తకంలోని ఆటలన్నీ నోటికొచ్చేశాయి. ఒకరోజు సత్యంగారి ఆటలో ఆయనకే తట్టని ఎత్తు చెబితే నాన్న చేతిలో అంబలి గిన్నె ఆగిపోయింది. ఆ ఆదివారం నన్ను షాపుకి తీసుకెళ్ళాడు. అక్కడ మొదలైంది నా కష్టం. వాళ్ళందరూ నాతో ఆడారు, అందరూ నా చేతిలో ఓడిపోయారు. నూకరాజు మంత్రిని తెచ్చి నా బంటు ముందు పెట్టి, అయ్యో చూసుకోలేదే అని నెత్తి కొట్టుకునేవాడు. సత్యంగారు టైమైపోయింది, రైలుందంటూ లేచిపోయేవారు. పిల్ల గెలిచింది, బిస్కెట్టు పెట్టండి. వరసగా ఏడు ఆటలు గెలిచాను. ఒక్కటీ పుస్తకంలోకి ఎక్కలేదు. గెలిచినదాన్ని కాబట్టి నేను ఎక్కించకూడదు. ఓడినవాళ్ళు ఎక్కించాలి కదా అంటే, పిల్లలతో ఆడింది కూడా ఆటేనా అని నవ్వేవారు. ఆ బిస్కెట్టు నాకు గొంతు దిగేది కాదు.

ఏడో ఆట ఖాదర్ మాస్టారితో. ఆయన మాత్రం మంత్రిని ఊరికే పారెయ్యలేదు. పద్ధతిగా ఆడి, ముప్పై ఎత్తులకి ఓడిపోయి, "శభాష్ బేటీ" అన్నాడు. నేను నమ్మేశాను. పొంగిపోయాను. ఇంటికి పరిగెత్తుకొచ్చి ఆ ఆటను చాప మీద మళ్ళీ వేసుకున్నాను. నాలుగోసారి వేస్తుంటే పద్దెనిమిదో ఎత్తు దగ్గర చెయ్యి ఆగింది. అక్కడ మాస్టారు తన గుర్రాన్ని ముందుకు దూకిస్తే నా రాజూ మంత్రీ ఒక్క దెబ్బకి దొరికిపోయేవి. ఆయన దాన్ని వెనక్కి తీశాడు. సూది బెజ్జంలోంచి ఊరంతా చూసే మనిషి అది చూడలేదంటే నేను నమ్మను. కోపం ముంచుకొచ్చింది. నూకరాజు నన్ను పిల్లని చేశాడు, సరే. మాస్టారు పిల్లనని నాకే తెలియకుండా చేశాడు.

ఆ వారం పుస్తకం వంతు మా ఇంటిది. నాన్న డ్యూటీకి వెళ్ళగానే తీసి, పేజీ నెత్తిన "వరలక్ష్మి ఓడిన ఆట" అని రాశాను. గెలిచినవారు: ఖాదర్ మాస్టారు. ముప్పై ఎత్తులూ ఎక్కించాను. పద్దెనిమిదో ఎత్తు కింద ఇలా రాశాను: "ఇక్కడితో నేను ఓడిపోయాను. తర్వాతవి మాస్టారు నా మీద జాలితో వేసినవి. కాబట్టి ఈ ఆట పుస్తకంలోకి రావచ్చు." రాశాక గానీ తట్టలేదు. పెద్దాయన్ని అబద్ధమాడావని రాసినట్టే కదా. ఇది చదివి మాస్టారు చిన్నబుచ్చుకుంటే నాన్నకి ఆ షాపు గుమ్మం మూసుకుపోతుంది. ఆ ఆదివారం పొద్దుట తప్ప మా నాన్నకి వేరే సరదా లేదు. సినిమా లేదు, సీసా లేదు. అయినా పేజీ చింపలేదు. నాన్న తన మాట ఎప్పుడో రాసేసుకున్నాడు, ఈ పేజీ చూడలేదు. పుస్తకం మాస్టారి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. జ్వరమేమోనని అమ్మ నా మెడ కింద చెయ్యి పెట్టి చూసింది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. నాన్న అలవాటు ప్రకారం పుస్తకం తీసి కొత్త పేజీలు పైకి చదవడం మొదలుపెట్టాడు. నా పేరు దగ్గర ఆయన గొంతు మారింది. తలెత్తి నన్నొకసారి చూశాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. మధ్యలో ఆపడం పుస్తకానికి పరువు తక్కువ, అందుకని చివరిదాకా చదివాడు, చెవులు ఎర్రబడుతుండగా. పద్దెనిమిదో ఎత్తు కింది మాట కూడా. నూకరాజు టీ గ్లాసు కింద పెట్టేశాడు. అప్పుడు నాన్న, "గెలిసినోడు రాయకూడదు గానీ, కింద నువ్వేటో రాసినావు బావా," అని మాస్టారి వంతు రాత చదివాడు: "పిల్ల చెప్పింది నిజం. చేసింది తప్పే. వచ్చే ఆదివారం వరంతో సరైన ఆట ఆడతాను."

మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, కర్టెన్ వైపు చాలాసేపు చూశాడు. టీ ఆలస్యమైందని చూస్తున్నాడేమో అనుకున్నాను. తర్వాత మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టి, చిన్నగా నవ్వి, "రా బేటీ, కూకో. ఈపాలి నానేటీ ఇడిసిపెట్టను," అన్నాడు.

ఇరవై ఆరు ఎత్తుల్లో నా ఆట కట్టింది. అబ్బ, ఏం దెబ్బ! ఏనుగుని బలిచ్చి నా రాజును మూలకి తోసి, గుర్రంతో అక్కడే బిగించేశాడు. నాకు ఒళ్ళంతా జల్లుమంది. రెండు సందులూ పరిగెత్తి, చెప్పు ఒకటి దారిలో వదిలేసి, ఓడిపోయానమ్మా అని అరుచుకుంటూ ఇంట్లో పడ్డాను. అమ్మ చేతిలో తిరగమోత గరిటె. "ఓడిపోతే ఆ నవ్వేటే పిల్లా," అంది. ఆ సాయంత్రం నాన్న తన కలంలో సిరా నింపి నా చేతికిచ్చాడు. నేను ఆ పేజీ రాస్తున్నంతసేపూ పక్కనే కూర్చుని దీపం వత్తి సర్దుతూ ఉన్నాడు. ఆ తర్వాత ఐదేళ్ళు నేను ఆ బల్ల దగ్గర కూర్చున్నాను. పదహారు ఆటలు ఎక్కించాను. లెక్కల టీచరుగా ముప్పై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దాను గానీ, తప్పు ముందు ఎక్కడ పుట్టిందో వాళ్ళచేతే చెప్పించాలన్న బుద్ధి మాత్రం ఆ షాపులో వచ్చిందే.

ఇదంతా మొన్న రహీమాకి గుక్క తిప్పుకోకుండా చెప్పాను, తనకి తెలియనట్టు. తను సోఫా అంచున కూర్చుని వింది. మాటల మధ్య నేనే బోర్డు తెచ్చి పరిచాను. నీకు ఎత్తులేమైనా గుర్తున్నాయా, సరదాకి రెండు వేద్దామా అన్నాను. నా గొంతులో ఉన్నది నూకరాజు గొంతేనని అప్పుడు నాకు తెలియలేదు. కొంచెం కొంచెం గుర్తున్నాయంది. తెల్లపావులు తనకే ఇచ్చాను, పాపం కదా అని.

తను ఎత్తు వేసే ముందు పెదాలు కదుపుతోంది. ఏమిటా అని చెవి పెడితే, గడి పేరు లోపల చదువుకుంటోంది. తొమ్మిదో ఎత్తుకి నేను ఒక బంటును ఊరికే వదిలాను, పాత స్నేహితురాలు సంతోషిస్తుందని. రహీమా దాన్ని ముట్టుకోలేదు. నా వైపు చూసి, మళ్ళీ బోర్డు చూసి, శకటును తెచ్చి నా రాజు కోట ముందు పెట్టింది. అక్కణ్ణుంచి నాకు ఊపిరి ఆడలేదు. ఎంత బాగా ఆడుతోందో! ఇరవయ్యో ఎత్తు దగ్గర నేను ఆ దాడిని గుర్తుపట్టాను. నూకరాజు ఓడిన మూడో ఆట, పుస్తకంలో గుండ్రటి రాతతో ఒక పేజీ నిండా విప్పినది. గుర్తుపట్టినా తప్పించుకోలేకపోయాను. ముప్పై ఒకటో ఎత్తుకి నా రాజును పడుకోబెట్టేశాను.

ఎప్పుడు నేర్చుకున్నావే అన్నాను. కర్టెన్ వెనక కూర్చుని, మా నాన్న పైకి చదివేది వింటూ, గళ్ళ గుడ్డ మీద బొత్తాలు పేర్చుకునేదాన్నని చెప్పింది. నల్ల కోటు బొత్తాలు ఒకవైపు, తెల్ల చొక్కా బొత్తాలు ఒకవైపు. వాళ్ళ నాన్న ఒక మాట చెబితే తను రెండు కలిపి రాసేదట. మనవళ్ళకి నేర్పుతూ ఇప్పటికీ ఆడుతూనే ఉందట. పుస్తకం తన ముందుకి లాక్కుని, నా మొదటి పేజీ తెరిచి, మాస్టారి రాత మీద వేలు పెట్టింది.

"ఇది మా అబ్బ సెప్పింది కాదు వరం," అంది. "నీ ఆట ఆయనకి సదవనేదు నాను. సదివితే పిల్లల గొడవ ఒగ్గీయ్ అనీవోడు. ఇది నానే రాసీసినాను."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని కర్టెన్ వైపు చూసిన చూపు అప్పుడు నాకు అందింది, యాభై ఏళ్ళకి. అంత ధైర్యం ఎందుకు చేశావే అని అడిగాను.

"మనలో ఒకలైనా కూకోవాల కదా ఆ బల్ల దగ్గర," అంది.

మరి నువ్వెందుకు రాలేదని అడగబోయి నోరు మూసుకున్నాను. ఐదేళ్ళపాటు ప్రతి ఆదివారం ఆ కర్టెన్‌కి మూరెడు దూరంలో కూర్చున్నాను. టీ గ్లాసు అందుకున్నాను. నాకు చోటు దొరికిందన్న సంబరంలో ఒక్కసారైనా ఆ గుడ్డ పక్కకి తీసి, నువ్వూ రావే అని పిలవలేదు. నాకు సిగ్గేసింది. సిగ్గుతోపాటే, ఏం చెప్పను, గుండె పదమూడేళ్ళ దానిలా కొట్టుకుంటోంది కూడా. ఇంత గొప్పగా ఓడి ఎన్నాళ్ళయింది! పుస్తకం నిండా తన చేతిరాత ఉంది, తన పేరు మాత్రం ఒక్క పేజీలోనూ లేదు. చివర తొమ్మిది కాగితాలు ఖాళీగా ఉన్నాయి.

కలం తెచ్చుకున్నాను. "వరలక్ష్మి ఓడిన ఆట" అని రాసి, దాని కింద "గెలిచినవారు: రహీమా" అని పెద్ద అక్షరాలతో రాశాను. ఎత్తులు ఎక్కించాను. తొమ్మిదో ఎత్తు దగ్గర ఆగి, దాచకుండా ఇలా రాశాను: "ఇక్కడ జాలితో బంటును వదిలాను. ఎదురుగా ఉన్నది ఎవరో చూసుకోలేదు. ఆట ఇక్కడే పోయింది."

రహీమా సోఫా అంచు నుంచి లేచి వచ్చి కుర్చీలో నా ఎదురుగా కూర్చుంది. గెలిచినవాళ్ళు కలం పెట్టకూడదు కాబట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"గట్టిగా సదువు," అంది.

మొదటి ఎత్తు నుంచి చదవడం మొదలుపెట్టాను.